ఆంగ్లభాషలో నామవాచక విభాగము : ప్రాచ్యవిద్యార్థి దృష్టితో ఒక పరిశీలనము

శబ్దశాస్త్రమున కొంత పరిశ్రమ చేసిన ప్రాచ్యవిద్యార్థి ఆంగ్లవ్యాకరణమును చేపట్టినప్పుడు అతనికి మొదట ఎదురగు ప్రకరణము నామవాచకము. 'నౌన్ అయిదు విధములు' అనునది ప్రథమపాఠము. ప్రాపర్, కామన్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అను అయిదు పేర్లను అమరకోశమువలె వల్లెవేసి, ఒక్కొక్కదానికి రెండేసి ఉదాహరణములు కంఠస్థము చేసి, పరీక్షలో వ్రాసి, పిదప మరచిపోవుట లోకమున కానవచ్చుచున్నది. ఈ విభాగమునకు ప్రయోజనమేమి? దీనిని ఎరిగినవాడు వాక్యరచనలో ఏ దోషమును తప్పించుకొనగలడు? అని అడిగినచో చాలమంది విద్యార్థులు సమాధానము చెప్పజాలరు.

ప్రయోజనము లేని సంజ్ఞ మన వ్యాకరణమున లేదు. పాణిని కొన్ని శబ్దములకు 'ఘి' అనియు, కొన్నిటికి 'నదీ' అనియు సంజ్ఞలు చేసినది ముందు రాబోవు విధులలో వానిని వినియోగించుటకే. హరిశబ్దము ఘిసంజ్ఞకమని తెలిసినవానికి దాని రూపములు ఎట్లుండునో తెలియును. అట్లే ఆంగ్లనామవిభాగమునకును విధిరూపమైన ఫలము కలదు. ఏ శబ్దమునకు బహువచనము వచ్చును, ఏ శబ్దమునకు ముందు ఆర్టికల్ నిలుచును అనునవి ఆ ఫలములు. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

ఈ విషయమున నాకు ఆసక్తి కలిగించిన ఒక స్వానుభవమును ముందుగా విన్నవింతును. పాఠశాలలో చదువు ముగించిన కొలదికాలమునకు, 1974లో, ఒక కార్యాలయమునకు నేను ఆంగ్లమున అర్జీ వ్రాయవలసివచ్చినది. కొన్ని తాళపత్రగ్రంథములను గూర్చిన వివరములను, వానిని భద్రపరచు విధమున సలహాలను కోరుట దాని సారాంశము. వివరములు అనేకములు గనుక 'ఇన్ఫర్మేషన్స్' అనియు, సలహాలు అనేకములు గనుక 'అడ్వైసెస్' అనియు వ్రాసితిని. అచటి అధికారి ఆ అర్జీని పదిమంది ఎదుట బిగ్గరగా చదివి నవ్వెను. నేను కోరిన వివరములు మాత్రము లభింపలేదు. ఇంటికి వచ్చి, పొరుగున ఉన్న న్యాయవాదిగారిని నా దోషమేమని అడిగితిని. "ఆ మాటలకు బహువచనము లేదండీ" అని వారు సెలవిచ్చిరి. "ఏల లేదు?" అంటిని. "లేదు, అంతే" అనిరి. ఆ అధికారి నవ్వుకన్న ఈ సమాధానమే నన్ను ఎక్కువకాలము బాధించినది. హేతువు చెప్పని నియమమును శ్రద్ధతో పాటింపవచ్చును గాని, క్రొత్తశబ్దము ఎదురైనపుడు దానిని అన్వయించుట సాధ్యముగాదు.

1. విభాగము వచ్చిన త్రోవ

ఆంగ్లేయుల నామవిభాగము వారు స్వయముగా కల్పించుకొన్నది కాదు. దాని మూలము గ్రీకు వ్యాకరణమున ఉన్నది. క్రీ.పూ. 2వ శతాబ్దికి చెందిన డయొనీసియస్ థ్రాక్స్ పేరున ప్రసిద్ధమైన వ్యాకరణమున శబ్దములు ఎనిమిది భాగములుగా చెప్పబడినవి. ఒక వ్యక్తికే చెల్లు పేరు, అనేకులకు చెల్లు పేరు అను భేదమును అంతకు పూర్వమే స్టోయిక్ తాత్త్వికులు గుర్తించియుండిరి. గ్రీకులనుండి ఈ భేదము లాటిన్ వ్యాకరణములకును, వానినుండి ఆంగ్లవ్యాకరణములకును సంక్రమించినది. ఆంగ్లమునకు తొలి వ్యాకరణమును విలియం బుల్లోకర్ 1586లో ప్రకటించెను.

ఇచట సంస్కృతవిద్యార్థికి ఒక శంక కలుగును. శుక్లశబ్దము మనకు నామమే. గోశబ్దమువలె దానికిని లింగవచనవిభక్తులు కలవు. ఆంగ్లమున 'వైట్' అనునది ఏల నౌన్ కాక అడ్జెక్టివ్ అను వేరొక భాగమైనది? దీనికి సమాధానము చరిత్రలో దొరకును. గ్రీకు, లాటిన్ వ్యాకరణములలోను విశేషణము నామములోనే చేరియుండెను. తొలి ఆంగ్లవ్యాకర్తలు లాటిన్‌ను అనుసరించి విశేష్యనామము, విశేషణనామము అని రెండింటిని నామమునందే చెప్పిరి. కాని ఆంగ్లమున విశేషణమునకు వచనప్రత్యయము రాదు. 'వైట్ కౌ' అనునది 'వైట్ కౌస్' అగునే గాని 'వైట్స్ కౌస్' కాదు. రూపసామ్యము లేని రెండింటిని ఒకే పేరున ఉంచుట అనుచితమని తలచి 18వ శతాబ్దిలోని వ్యాకర్తలు వానిని వేరుచేసిరి. 1795లో వెలువడిన లిండ్లీ మర్రే వ్యాకరణమున ఈ వేర్పాటు స్థిరముగా కానవచ్చును. తెలుగున 'తెల్ల ఆవు', 'తెల్ల ఆవులు' అనుచోటను విశేషణము మారదు గనుక మనకు ఇది వింతగాదు.

మన దేశమున ప్రసిద్ధమైన అయిదు విధముల పాఠము నెస్‌ఫీల్డు వ్యాకరణమునుండి వ్యాపించినది. ఆ గ్రంథములు 19వ శతాబ్ది చివరి దశాబ్దమున వెలువడినవి. పిదప 1930ల దశాబ్దమున రెన్, మార్టిన్ అనువారి పుస్తకము వచ్చి నేటికిని పాఠశాలలలో చదువబడుచున్నది. విద్వాంసుల గ్రంథములలో మాత్రము విభాగము మారినది. డెన్మార్కు దేశపు శాబ్దికుడు ఒట్టో యెస్పర్సన్ 1924లో ప్రకటించిన వ్యాకరణదర్శన గ్రంథమున లెక్కింపదగినవానిని తెలుపు శబ్దములు, రాశిని తెలుపు శబ్దములు అను భేదమునకు ప్రాధాన్యమిచ్చెను. 1985లో క్వర్క్, గ్రీన్‌బామ్, లీచ్, స్వార్ట్‌విక్ అను నలుగురు కలిసి ప్రకటించిన బృహద్వ్యాకరణమున నామములు మొదట ప్రాపర్, కామన్ అని రెండు; కామన్ మరల గణనీయము, అగణనీయము అని రెండు. మూర్తము, అమూర్తము అను భేదము ఈ రెండింటియందును వ్యాపించియున్నది.

ఈ మార్పునకు హేతువు మన తార్కికులకు సులభముగా బోధపడును. అయిదు విధముల విభాగమున సాంకర్యదోషము కలదు. 'కమిటీ' అనునది సమూహవాచకము. కాని కమిటీలు అనేకములు గనుక జాతివాచకము కూడ. విభాగములు పరస్పరము పరిహరించుకొనవలెను; ఇచట పరిహరించుకొనుట లేదు. అయిదు పేర్లు ఒకే ప్రమాణముచే ఏర్పడినవి కావనుటకు ఇది లింగము. పేరు ఒకరిదా పలువురిదా అనునది ఒక ప్రమాణము. వస్తువు ఏకమా సమూహమా అనునది మరియొకటి. ఇంద్రియగోచరమా కాదా అనునది వేరొకటి. విద్యార్థి తికమకపడుటకు అతని మాంద్యము కారణము కాదు.

2. మన శాస్త్రమున ప్రవృత్తినిమిత్తము

పతంజలి మహాభాష్యమున శబ్దముల ప్రవృత్తి నాలుగు విధములని చెప్పెను. గోశబ్దము జాతిని, శుక్లశబ్దము గుణమును, చలశబ్దము క్రియను నిమిత్తముగా గొని ప్రవర్తించును. డిత్థశబ్దము వంటిది వక్త ఇచ్ఛచే పెట్టబడినది. ఇది యదృచ్ఛాశబ్దము. కావ్యప్రకాశమున మమ్మటుడును ఈ విభాగమునే గ్రహించెను.

ఇచట సూక్ష్మముగా గమనింపదగిన విషయము ఒకటి కలదు. భాష్యకారుడు విభజించినది శబ్దముల ప్రవృత్తిని. ఒక శబ్దము ఒక అర్థమునందు ఏ నిమిత్తముచే ప్రవర్తించుచున్నది అనునది ప్రశ్న. నిమిత్తము మారినచో ప్రవృత్తి మారును. ఆంగ్లనామములయందును ఈ దృష్టినే నిలిపినచో చిక్కులు చాలవరకు విడిపోవును. శబ్దము ఏ పెట్టెలోనిది అని కాక, ఈ వాక్యమున అది ఎట్లు ప్రవర్తించుచున్నది అని అడుగవలెను. ఈ దృష్టితో అయిదు విధములను క్రమముగా పరిశీలింతము.

3. అయిదు విధములు

మొదటిది ప్రాపర్ నౌన్. ఇది మన సంజ్ఞాశబ్దము. రామ, విజయవాడ, ఎవరెస్ట్ అనునవి ఉదాహరణములు. ఒకే వ్యక్తిని నిర్దేశించును గనుక దీనికి సామాన్యముగా ఆర్టికల్ అక్కరలేదు, బహువచనము రాదు. నదులకును, సముద్రములకును, పర్వతపంక్తులకును మాత్రము 'ది' చేరును. 'ది గోదావరి', 'ది హిమాలయాస్' అందురు. జాన్ స్టూవర్ట్ మిల్ అను ఆంగ్లతార్కికుడు 1843లో ప్రకటించిన తర్కగ్రంథమున, ఇట్టి పేరు వస్తువును చూపునే గాని దాని ధర్మమును దేనిని చెప్పదు అనెను. యదృచ్ఛాశబ్దమును గూర్చి మనవారు చెప్పినదియు ప్రాయికముగా ఇదియే. అయినను నిమిత్తము మారినపుడు సంజ్ఞాశబ్దము జాతిశబ్దమగును. నిద్రమత్తువానిని చూచి 'వీడొక కుంభకర్ణుడు' అందుము. ఆంగ్లమున 'హి ఈజ్ ఎ కుంభకర్ణ' అగును. ఒకే తరగతిలో ముగ్గురు రాములున్నచో 'త్రీ రామాస్' అనవచ్చును. మొదటిచోట గుణసాదృశ్యము, రెండవచోట ఆ పేరు కలిగియుండుట ప్రవృత్తినిమిత్తములు. ఆర్టికల్, బహువచనము వచ్చుట ఆ మార్పునకు చిహ్నము.

రెండవది కామన్ నౌన్, అనగా జాతివాచకము. 'కౌ', 'బుక్', 'రివర్' మొదలగునవి. వీనికి ఏకవచనబహువచనములు రెండును కలవు. ఏకవచనమున ఇవి ఒంటరిగా నిలువజాలవు అనునది ముఖ్యనియమము. 'నేను పుస్తకము కొంటిని' అనుట తెలుగున నిర్దుష్టము. ఆంగ్లమున 'ఐ బాట్ బుక్' అనరాదు. 'ఎ బుక్', 'ది బుక్', 'మై బుక్', 'దిస్ బుక్' అని ఏదో ఒక నిర్దేశకము దానిముందు ఉండవలెను. మన విద్యార్థుల ఆంగ్లమున తరచుగా కానవచ్చు దోషము ఇదియే.

మూడవది కలెక్టివ్ నౌన్, సమూహవాచకము. మేకల మందకు 'ఫ్లాక్', పశువుల మందకు 'హెర్డ్', తాళపుచెవుల గుత్తికి 'బంచ్' అందురు. 'ఆర్మీ', 'కమిటీ', 'ఫ్యామిలీ' అనునవియు ఇట్టివే. సమూహమును ఒకటిగా తలచినపుడు క్రియ ఏకవచనమున ఉండును. సభ్యులను వేర్వేరుగా తలచినపుడు, విశేషించి ఇంగ్లండు దేశపు వాడుకలో, బహువచనమున ఉండవచ్చును. 'పోలీస్', 'క్యాటిల్' అను శబ్దములు రూపమున ఏకవచనమువలె కనబడినను క్రియ ఎల్లప్పుడు బహువచనమే. మన వ్యాకరణమున సమూహార్థమున తద్ధితప్రత్యయములు విధింపబడినవి. కాకుల సమూహము కాకము, జనుల సమూహము జనతా.

నాలుగవది మెటీరియల్ నౌన్, ద్రవ్యవాచకము. ఇందలి ద్రవ్యశబ్దము తార్కికుల నవద్రవ్యములకు వర్తింపదు. పాత్రలో పోయదగినది, ముక్కగా విరువదగినది అయిన పదార్థము అని మాత్రము గ్రహింపవలెను. 'వాటర్', 'రైస్', 'గోల్డ్', 'ఐరన్' అనునవి ఇట్టివి. ఎంత భాగము తీసినను అదే పేరు చెల్లుట దీని లక్షణము. చెంబెడు నీరును నీరే, గుక్కెడు నీరును నీరే. ఆవులో సగభాగము ఆవు కాదు.

అయిదవది ఆబ్‌స్ట్రాక్ట్ నౌన్, భావవాచకము. దీని పుట్టుకను సంస్కృతవిద్యార్థి ఒక్కక్షణమున గ్రహింపగలడు. విశేషణమునుండి వచ్చునది 'కైండ్‌నెస్'. మనకు శౌక్ల్యము, తెలుగున తెల్లదనము వంటిది. జాతిశబ్దమునుండి వచ్చునది 'చైల్డ్‌హుడ్'; మనకు బాల్యము, తెలుగున చిన్నతనము. క్రియనుండి వచ్చునది 'మూవ్‌మెంట్'. మనకు గమనము, గతి, తెలుగున నడక. యాస్కుడు ఆఖ్యాతము భావప్రధానమనియు, నామము సత్త్వప్రధానమనియు చెప్పి, క్రియయే గడ్డకట్టినట్లు సిద్ధరూపమును పొందినపుడు నామముచే చెప్పబడునని వివరించెను. ఆంగ్లవ్యాకరణమున దీనికన్న లోతైన వివరణ నాకు కానరాలేదు.

భావవాచక సమూహవాచకములకు గల ఒక సంబంధమును కూడ ఇచట చెప్పవలెను. మానవతాశబ్దమున భావార్థకముగా ఉన్న తల్ ప్రత్యయమే జనతాశబ్దమున సమూహార్థమున వచ్చినది. ఆంగ్లమునను 'హ్యుమానిటీ' అనగా మానవత్వము, మానవసమూహము అని రెండర్థములు; 'నొబిలిటీ' అనగా ఔదార్యము, కులీనుల వర్గము అని రెండర్థములు. పలువురియందు సమానముగా ఉన్న ధర్మము, ఆ ధర్మము గలవారి సముదాయము, ఈ రెండును బుద్ధికి సన్నిహితములు గనుక ఒకే ప్రత్యయము రెండింటికి చాలినది. రెండు భాషలును వేర్వేరుగా ఇట్లు నడచుట ఆనందదాయకము.

4. గణనీయత

ఇంతవరకు చెప్పిన అయిదింటికి పైగా ఆంగ్లమును శాసించు భేదము మరియొకటి కలదు. అది గణనీయత. 1974లో నేను చేసిన దోషమునకు మూలము దీనిని ఎరుగకపోవుటయే.

ఇటీవల నావద్దకు వచ్చు ఒక విద్యార్థి, ఆంగ్లపరీక్షకు వెరచి పైచదువును విడిచిపెట్టదలచినవాడు, ఇట్లు అడిగెను: "అయ్యా, 'మనీ' అగణనీయమని పుస్తకమున ఉన్నది. లోకమున అందరును లెక్కపెట్టునది డబ్బే గదా!" ఇది మంచి పూర్వపక్షము. దీనికి సమాధానము ఇది. మనము లెక్కించునది రూపాయలను, నాణెములను. 'రూపీ', 'కాయిన్' గణనీయములు. 'మనీ' అను శబ్దము వానినన్నిటిని విడదీయక రాశిగా చెప్పుచున్నది. గణనీయత శబ్దధర్మమేగాని వస్తుధర్మము కాదు. వస్తువు ఒకటే అయినను, ఒక శబ్దము దానిని విడివిడిగా చూపును, వేరొకటి రాశిగా చూపును. తెలుగున 'జుట్టు నెరసినది', 'వెండ్రుకలు నెరసినవి' అని రెండు విధముల అందుము. తలమీద ఉన్నది మాత్రము ఒక్కటే.

ఈ భేదము ప్రతి భాషయందు ఒకే విధముగా ఉండదు. తెలుగున 'వడ్లు నానినవి', 'బియ్యము నానినది' అందుము. పొట్టు ఊడినంతమాత్రమున బహువచనము ఏకవచనమగుటకు వస్తువులో హేతువు లేదు. గోధుమలు మనకు బహువచనము. ఆంగ్లమున 'వీట్' రాశి. కాని దానికి తోడిదైన 'ఓట్స్' అను ధాన్యము ఆంగ్లమునను బహువచనమే. నీరు సంస్కృతమున అప్‌శబ్దముచే చెప్పినచో 'ఆపః' అని నిత్యబహువచనము, జలశబ్దముచే చెప్పినచో ఏకవచనము. ఒక్క భార్యను చెప్పు దారశబ్దము పుంలింగమున నిత్యబహువచనము. ఇట్టివానిని శ్రద్ధగా నేర్చిన మనము 'ఇన్ఫర్మేషన్' నిత్యైకవచనమనినంతనే విస్తుపోవలసిన పనిలేదు.

ఇంతకును 'అడ్వైస్' శబ్దమునకు బహువచనము ఏల లేదు? తెలుగున 'రెండు నెయ్యిలు' అని ఎవడును అనడు. 'రెండు గరిటెల నెయ్యి' అనును. చెంబెడు నీళ్ళు, సోలెడు బియ్యము, పిడికెడు అటుకులు అని కొలతను చేర్చి చెప్పును. రాశిని లెక్కింపవలెనన్న పాత్రనో కొలతనో లెక్కింపవలెను. ఆంగ్లేయుడు సలహాను నేతివలె చూచును; మనము మామిడిపండువలె చూతుము. కనుక మనకు రెండు సలహాలు. అతనికి 'టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్'. వార్తకు 'యాన్ ఐటెమ్ ఆఫ్ న్యూస్', కుర్చీ బల్లల సామానునకు 'యాన్ ఆర్టికల్ ఆఫ్ ఫర్నిచర్' అనునవియు ఇట్టివే. న్యాయవాదిగారు చెప్పక విడిచిన హేతువు ఇదియని నాకు తోచుచున్నది. మన వాడుకలో నేతికి ఉన్న నియమమునే వారు సలహాకును విస్తరింపజేసిరి.

క్రొత్తశబ్దము ఎదురైనపుడు తోడ్పడు గుర్తు ఒకటి కలదు. వేర్వేరు పేర్లు గల పలు వస్తువులను ఒక్కటిగా కూర్చి చెప్పు శబ్దము ఆంగ్లమున తరచుగా రాశివాచకమగును. విడివస్తువును చెప్పునది గణనీయమగును. 'జువెలరీ' రాశి, 'జువెల్' గణనీయము. 'మెషినరీ' రాశి, 'మెషీన్' గణనీయము. 'లగేజ్' రాశి, 'బ్యాగ్' గణనీయము. 'పొయెట్రీ' రాశి, 'పొయెమ్' గణనీయము. తెలుగున కవిత్వమునకు బహువచనము చెప్పము గాని పద్యములు అందుము. ఇచట రెండు భాషలును కలిసినవి. ఈ గుర్తు ప్రాయికమే. వస్త్రములను చెప్పు 'క్లోత్స్' శబ్దము దీనికి లొంగక నిత్యబహువచనముగా ఉన్నది.

వాడుక కాలక్రమమున మారును. 'న్యూస్' శబ్దమును పూర్వము బహువచనముగాను వాడిరి. నేడు సకారము చివర ఉన్నను ఏకవచనమే. 'పీజ్' అను పూర్వశబ్దము బఠానీలను రాశిగా చెప్పుచుండెను. తుదినున్న ధ్వనిని బహువచనప్రత్యయముగా భ్రమించి జనులు 'పీ' అను ఏకవచనమును పుట్టించిరి. పరిశోధనమును చెప్పు 'రిసర్చ్' శబ్దమును నేడు సామాన్యముగా ఏకవచనమున వాడుదురు. కాని విలియం జోన్స్ 1784లో కలకత్తాయందు స్థాపించిన ఆసియాటిక్ సొసైటీవారి పత్రిక పేరు, 1788లో వెలువడిన మొదటి సంపుటమునుండియు, 'ఏసియాటిక్ రిసర్చెస్' అని బహువచనమే. కుండ కావలసినవాడు కుమ్మరి ఇంటికి పోవునట్లు శబ్దము కావలసినవాడు వైయాకరణుని ఇంటికి పోడని భాష్యకారుడు చెప్పియున్నాడు. ఆంగ్లమునందును లోకప్రయోగమే ప్రమాణము. వ్యాకర్త దానిని అన్వాఖ్యానము చేయువాడు మాత్రమే.

ఒకే శబ్దము రెండు విధముల ప్రవర్తించుటయు కలదు. 'ఐరన్' ఇనుము; 'యాన్ ఐరన్' ఇస్త్రీపెట్టె; 'ఐరన్స్' సంకెళ్ళు. 'గ్లాస్' గాజు, 'ఎ గ్లాస్' లోటా, 'గ్లాసెస్' కంటి అద్దములు కూడ. 'పేపర్' కాగితము, 'ఎ పేపర్' వార్తాపత్రిక గాని, పరిశోధనవ్యాసము గాని. 'కైండ్‌నెస్' దయ, 'కైండ్‌నెసెస్' దయతో చేసిన ఉపకారములు. 'జస్టిస్' న్యాయము, 'ఎ జస్టిస్' న్యాయమూర్తి. ఇట్టి శబ్దములను చూపి 'ఇది ఏ విధమైన నౌన్?' అని పరీక్షలో అడుగుట అసంగతము. వాక్యము చూపక ఆ ప్రశ్నకు ఉత్తరము లేదు.

5. జాతి, వ్యక్తి, ఆర్టికల్

శబ్దార్థము జాతియా వ్యక్తియా అనునది మనవారు శతాబ్దులపాటు విచారించిన విషయము. ఆకృతియే అర్థమని వాజప్యాయనుడు, ద్రవ్యమే అర్థమని వ్యాడి పక్షములు చేసిరి. మీమాంసకులు ఆకృతిపక్షమును గ్రహింపగా, నైయాయికులు వ్యక్తి, ఆకృతి, జాతి మూడును పదార్థములనిరి. సంస్కృతమున 'గౌః' అను ఒక్క రూపము వ్యక్తికిని, జాతికిని చెల్లుటచే ఈ విచారము పుట్టినది. ఆంగ్లభాష ఈ పనిలో చాలభాగమును ఆర్టికల్‌కు అప్పగించినది. 'ఎ కౌ' అనగా ఏదో ఒక ఆవు, శ్రోతకు ఇంకను తెలియనిది. 'ది కౌ' అనగా వక్తకు, శ్రోతకు తెలిసిన ఆ ఆవు. కాని 'ది కౌ ఈజ్ ఎ యూస్‌ఫుల్ యానిమల్' అనినపుడు అది గోజాతి. ఆ అర్థమునే 'కౌస్ ఆర్ యూస్‌ఫుల్ యానిమల్స్' అని బహువచనమునను చెప్పవచ్చును.

జాతిని చెప్పునపుడు ఏకత్వమునందే బహువచనము వికల్పముగా వచ్చునని పాణిని అష్టాధ్యాయి మొదటి అధ్యాయపు రెండవ పాదమున 58వ సూత్రముచే విధించెను. యవలు సమృద్ధిగా పండినవనుటకు యవశబ్దమును ఏకవచనమునను, బహువచనమునను ప్రయోగింపవచ్చునని వృత్తికారులు ఉదాహరించిరి. ఆ సూత్రము కంఠస్థమైన విద్యార్థికి ఆంగ్లవాక్యద్వయము క్రొత్తగాదు.

భావవాచక ద్రవ్యవాచకములకు సామాన్యార్థమున ఆర్టికల్ లేదు. 'గోల్డ్ ఈజ్ కాస్ట్లీ', 'ఆనెస్టీ ఈజ్ రేర్' అందుము. ఆ పదార్థమునే ఒకచోట పరిమితము చేసినపుడు 'ది' వచ్చును; 'ది ఆనెస్టీ ఆఫ్ దిస్ బాయ్' అనినపుడు నిజాయితీ ఆ బాలునియందు నియతమైనది.

6. బోధనక్రమము

పై విచారమునుబట్టి అధ్యాపకులకు ఒక చిన్న క్రమమును సూచింతును. నామము కనబడినపుడు విద్యార్థి వరుసగా నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను.

మొదటి ప్రశ్న : ఈ శబ్దము ఇచట ఒక వ్యక్తికి పెట్టిన పేరా? అయినచో సామాన్యముగా ఆర్టికల్ వలదు.

రెండవ ప్రశ్న : కానిచో, వక్త దీనిని విడివిడిగా లెక్కింపదగినదిగా గ్రహించెనా? అయినచో ఏకవచనమున నిర్దేశకము తప్పనిసరి, బహువచనము రావచ్చును, 'మెనీ', 'ఫ్యూ' అనునవి చేరును.

మూడవ ప్రశ్న : రాశిగా గ్రహించెనా? అయినచో 'ఎ' వలదు, బహువచనము వలదు. 'మచ్', 'లిటిల్' అనునవి చేరును. లెక్కింపవలసినచో గరిటెడు నెయ్యి న్యాయమున కొలతశబ్దమును చేర్చవలెను.

నాలుగవ ప్రశ్న : శ్రోతకు ఇది ఏదో తెలియునా? తెలిసినచో, జాతిశబ్దమైనను రాశిశబ్దమైనను, 'ది' చేర్చవలెను.

అయిదు పేర్లను విడువవలెనని నా అభిప్రాయము కాదు. అవి అర్థపరిచయమునకు ఉపకరించును. కాని వాక్యనిర్మాణమునకు ఈ నాలుగు ప్రశ్నలే ఆధారము. పేర్లు చెప్పి ప్రశ్నలు చెప్పకుండుట సంజ్ఞాసూత్రములను చెప్పి విధిసూత్రములను దాచుట వంటిది.

నావద్ద చదువు ఆ విద్యార్థి ఈ క్రమమున కొన్నిమాసములు అభ్యాసము చేసెను. ఒకనాడు వార్తాపత్రికలో 'ఎవిడెన్స్' అను శబ్దమును చూచి, "ఇది నెయ్యి వంటిదేనా అయ్యా?" అని అడిగెను. ఔనంటిని. "అయినచో సాక్షిని చెప్పు 'విట్నెస్' మామిడిపండు" అని తానే ముగించెను. ఆ వాక్యమున ఆ శబ్దము సాక్షిని చెప్పుచుండుటచే అతడన్నది సరియైనది. అతడు పరీక్షకు దరఖాస్తు పంపినాడు. ఆ దరఖాస్తును అతడే ఆంగ్లమున వ్రాసెను. నేను చదివి చూచితిని, దిద్దవలసిన నామము ఒకటియు లేదు.

ప్రాచ్యవిద్యార్థికి ఆంగ్లము పరాయిదగుట సహజము. శబ్దమునకు, అర్థమునకు, వక్త వివక్షకు గల సంబంధమును విచారించు అలవాటు మాత్రము అతనికి పరాయిది కాదు. గురువులు పెట్టిన ఆ భిక్షను ఈ భాషయందును వినియోగించుకొనినచో, నేను పదిమంది ఎదుట తలవంచుకొని నిలిచిన చోట అతడు తలయెత్తి నిలువగలడు.